గుల్ల రేకుతో తీపి కొలత: నానోరంధ్రాల అల్యూమినా సెన్సర్‌ని మొదటి నుంచి కట్టుకోవడం

చెరుకు సీజన్‌లో బరంపురం నుంచి అస్కా వెళ్లే రోడ్డు మీద ట్రాక్టర్ల వెనక పడ్డామంటే ఇక ఆ రోజుకి అంతే. అన్నీ సహకార చక్కెర మిల్లుకి వెళ్లే బండ్లే. మిల్లులో రసం తీపిని బ్రిక్స్ లెక్కన కొలుస్తారు. నూరు గ్రాముల రసంలో కరిగి ఉన్న పదార్థం, ముఖ్యంగా చక్కెర, ఎన్ని గ్రాములన్నదే బ్రిక్స్. అది తెలిసేది వక్రీభవన గుణకం వల్ల. చక్కెర పెరిగేకొద్దీ రసంలో కాంతి నెమ్మదిస్తుంది, గుణకం పెరుగుతుంది.

నేను ఇక్కడే డిగ్రీ పిల్లలకి భౌతికశాస్త్రం చెబుతాను. ఇచ్ఛాపురం నుంచి రైల్లో వచ్చేవాళ్లూ, ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడేవాళ్లూ కలిసిన క్లాసు. వాళ్లతో చేయించిన ప్రాజెక్టే ఇది. ఒక సంగతి ముందే ఒప్పుకుంటాను. కొలవాల్సింది చక్కెర ఒక్కటే అయితే ఇదంతా అక్కర్లేదు, చేతిలో పట్టే రిఫ్రాక్టోమీటరు చాలు. చక్కెర ద్రావణాల గుణకాలు పట్టికల్లో దొరుకుతాయి కాబట్టి చేతి పట్టు కుదరడానికి వాటితో మొదలుపెడతాం. గుల్ల పదార్థం అసలు బలం ఆవిరుల దగ్గర, ప్రొటీన్ల దగ్గర బయటపడుతుంది. అక్కడికి చివర్లో వద్దాం.

గుల్ల ఎందుకు

నున్నటి ఉపరితలం మీద పనిచేసే సెన్సర్లలో కాంతి ద్రవంలోకి తొంగిచూస్తుంది, అంతే. ఉపరితల ప్లాస్మాన్ పద్ధతిలో, అంటే సన్నని లోహపు పూత మీద కాంతిని పారించి కొలిచే పద్ధతిలో, ఆ చూపు రెండు మూడు వందల నానోమీటర్లకు మించదు. పొర అంతా సన్నని రంధ్రాలతో ఉంటే ద్రవమే లోపలికి వచ్చి, కాంతి నడిచే దారిలో కూర్చుంటుంది. రంధ్రాలు కాంతి తరంగదైర్ఘ్యం కన్నా చాలా చిన్నవి కాబట్టి కాంతికి అవి విడివిడిగా కనబడవు. గోడ, ద్రవం కలిసిపోయి ఒకే పదార్థంలా, ఒకే సగటు గుణకంతో తోస్తాయి. రంధ్రంలో ద్రవం మారితే ఆ సగటు మారుతుంది.

పొర పైఅంచు నుంచి కొంత కాంతి, అడుగు నుంచి కొంత కాంతి తిరిగి వచ్చి కలుస్తాయి. కొన్ని రంగులు బలపడి, కొన్ని తగ్గి, స్పెక్ట్రమ్‌లో వెలుగు, చీకటి పట్టీలుగా కనబడతాయి. వాన పడ్డ రోడ్డు మీద డీజిల్ చుక్క రంగులు చూపించేది ఈ వ్యతికరణం వల్లే. సగటు గుణకాన్ని మందంతో గుణించి రెట్టింపు చేస్తే వచ్చేది ఆ పొర కాంతి పథం. మనం కొలిచేదంతా ఆ ఒక్క సంఖ్యనే. 1997లో మైకేల్ సెయిలర్, రెజా ఘదిరీల బృందం గుల్ల సిలికాన్‌తో సరిగ్గా ఇదే చేసి డీఎన్‌ఏ, ప్రొటీన్ల లాంటి జీవ అణువులను పట్టుకున్నారు.

మేం సిలికాన్ జోలికి పోలేదు. దాన్ని గుల్ల చేయాలంటే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కావాలి. చర్మం దాటి ఎముక దాకా పోయే ఆమ్లాన్ని డిగ్రీ ల్యాబులో పిల్లల చేతికి ఇవ్వను. అల్యూమినియంకి ఆ బెడద లేదు. పైగా అది ఈ ప్రాంతపు సరుకే. కోరాపుట్ జిల్లా పంచ్‌పట్‌మాలి కొండల బాక్సైట్ దమన్‌జోడి నాల్కో రిఫైనరీలో తెల్లటి అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొడి అవుతుంది. ఆ పొడి నుంచి తీసిన లోహం మీద తిరిగి అల్యూమినానే పెంచుతున్నాం, కాకపోతే తేనెపట్టు ఆకారంలో.

రేకు సిద్ధం చేయడం

వంటింటి ఫాయిల్‌తో అలవాటు చేసుకోవచ్చు గానీ అసలు చిప్పుకి 99.99 శాతం స్వచ్ఛత ఉన్న రేకు, పావు మిల్లీమీటరు మందంది, తెప్పించుకోండి. స్వచ్ఛత తక్కువైతే రంధ్రాలు వంకరటింకరగా వస్తాయి, పొర మచ్చలు పడుతుంది. రెండు సెంటీమీటర్ల ముక్క కత్తిరించి అసిటోన్‌తో, తర్వాత ఇథనాల్‌తో జిడ్డు తుడవండి. మెటల్ పాలిష్ పేస్టుతో మెత్తటి గుడ్డ మీద మెరుగు పెట్టి, మళ్లీ కడగండి. మీ ముఖం అందులో కనబడాలి. ఉపరితలం గరుకుగా ఉంటే తర్వాత ఏ లెక్కా దాన్ని కాపాడలేదు.

పుస్తకాల్లో ఈ మెరుగు కోసం పర్‌క్లోరిక్ ఆమ్లం, ఇథనాల్ కలిపి విద్యుత్ పాలిషింగ్ చేయమని ఉంటుంది. ఆ మిశ్రమం పేలగలదు. సరైన ఫ్యూమ్ హుడ్, అనుభవం ఉన్నవాళ్లు పక్కన లేకపోతే ఆ పని పెట్టుకోకండి.

కొలతకు ఒక చదరపు సెంటీమీటరు వదిలి మిగతా భాగమంతా, వెనక వైపుతో సహా, గోళ్ల రంగు రెండు పూతలు వేసి ఆరనివ్వండి. రేకు పైభాగంలో ద్రవం ఉపరితలాన్ని తాకే గీత దగ్గర పూత తప్పక ఉండాలి, లేకపోతే రేకు అక్కడే తినుకుపోయి తెగుతుంది.

రంధ్రాలు పెంచడం

ఆక్సాలిక్ ఆమ్లం లీటరుకు 0.3 మోల్ కావాలి. సీసాలో దొరికే స్ఫటికాల్లో నీళ్లు కూడా ఉంటాయి కాబట్టి లీటరు డిస్టిల్డ్ వాటర్‌కి 37.8 గ్రాములు తూచండి. అది విషం, గ్లవ్స్ తప్పనిసరి. రేకుని పాజిటివ్‌కి, పాత టార్చి సెల్లు లోపలి కార్బన్ కడ్డీలు రెండు కలిపి నెగెటివ్‌కి తగిలించి, వోల్టేజీని ఒకటి రెండు నిమిషాల్లో మెల్లగా 40 వోల్టులకు పెంచండి.

40 వోల్టులే ఎందుకంటే, ఒక రంధ్రం మధ్య నుంచి పక్క రంధ్రం మధ్యకు దూరం వోల్టుకి సుమారు 2.5 నానోమీటర్ల చొప్పున పెరుగుతుంది. ఆక్సాలిక్ ఆమ్లంలో 40 దగ్గర ఆ దూరం 100 నానోమీటర్లు అవుతుంది, రంధ్రాలు వాటంతట అవే షడ్భుజి వరసల్లో సర్దుకుంటాయి. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 25 వోల్టుల దగ్గర 65 నానోమీటర్ల దూరం, ఫాస్ఫారిక్‌లో 195 దగ్గర 500. వీటి మధ్య ఎక్కడో ఒక వోల్టేజీ పెడితే రంధ్రాలు వస్తాయి గానీ వరస తప్పుతుంది.

చల్లదనం ముఖ్యం. బీకరు చుట్టూ ఐసు పెట్టి 10 డిగ్రీల దగ్గర ఉంచండి, అయస్కాంతపు కలుపుడు పుల్ల తిరుగుతూనే ఉండాలి. మే నెలలో మేం దీన్ని లెక్కచేయలేదు. బీకరు వేడెక్కిన కొద్దీ కరెంటు పెరిగింది, కరెంటు పెరిగిన కొద్దీ వేడి పెరిగింది, అరగంటలో రేకు మూల కాలి నల్లబడింది. ఆ మర్నాటి నుంచి గోపాల్‌పూర్ చేపల రేవు వైపు నుంచి వచ్చే పెద్ద ఐసు దిమ్మ ఒకటి థర్మోకోల్ పెట్టెలో పెట్టుకునే మొదలుపెట్టాం. వాసన కాస్త భరించాలి.

1996లో జపాన్‌లో మసూదా, సాటో చూపించిన రెండు విడతల పద్ధతి వాడండి. మొదటి విడతలో ఓ గంట పెంచిన పొరలో పైన రంధ్రాలు గజిబిజిగా, అడుగున వరసగా ఉంటాయి. ఆ పొరని కరిగించేస్తే లోహం మీద చిన్న గుంటల వరస మిగులుతుంది. రెండో విడతలో రంధ్రాలు ఆ గుంటల్లోంచే నిటారుగా మొలుస్తాయి. నారుమడిలో గుర్తులు పెట్టి నాటినట్టు. కరిగించడానికి క్రోమిక్ ఆమ్లం వాడటం రివాజు. అందులో ఉండేది విషపూరితమైన హెక్సావాలెంట్ క్రోమియం. సుకిందా క్రోమైట్ గనుల నీళ్ల గొడవ తెలిసిన ఒడిశాలో దాని గురించి ఇంకా చెప్పక్కర్లేదు. మేం 5 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లంలో 30, 35 డిగ్రీల మధ్య రెండు గంటలు ఉంచి పని కానిచ్చాం. వరస కొంచెం తగ్గుతుంది, ఈ సెన్సర్‌కి అది సమస్య కాదు.

రెండో విడతలో గడియారం చూడకండి, చార్జ్ లెక్కపెట్టండి. ఉష్ణోగ్రత మారితే పెరుగుదల వేగం మారుతుంది. మందం మాత్రం లోపలికి వెళ్లిన చార్జ్‌కి దగ్గరగా కట్టుబడి ఉంటుంది. చదరపు సెంటీమీటరుకి ఒక మైక్రాన్ పెరగడానికి రమారమి 2 కూలుంబులు పట్టుతుందని అంచనా వేసుకుని మొదలుపెట్టండి. మల్టీమీటర్‌లో కరెంటుని నిమిషానికోసారి రాసుకుని, 60 సెకన్లతో గుణించి కూడితే చాలు. మనకి కావాల్సింది 4 మైక్రాన్లు.

ఒక హెచ్చరిక. పొర తయారయ్యాక వేడినీళ్లు దగ్గరికి రానివ్వకండి. కిటికీ ఫ్రేములకు అనొడైజింగ్ (మనలాగే కరెంటుతో ఆక్సైడ్ పొర పెంచడం) చేసే షాపుల్లో చివర్లో మరిగే నీళ్లలో ముంచుతారు, రంధ్రాలు మూసుకుపోవాలనే. మనకి కావాల్సింది దానికి పూర్తి వ్యతిరేకం. మా కుర్రాడొకడు బాగా శుభ్రం చేద్దామని కెటిల్ నీళ్లతో కడిగాడు. చిప్పు చూడ్డానికి బంగారంలా ఉంది, ద్రవం మాత్రం చుక్క లోపలికి పోలేదు.

ఎంత వెడల్పు చేయాలి

పెరిగి బయటికొచ్చినప్పుడు రంధ్రం సుమారు 35 నానోమీటర్లు ఉంటుంది. షడ్భుజి వరసలో ఖాళీ శాతం కావాలంటే రంధ్రం వ్యాసాన్ని మధ్యదూరంతో భాగించి, వర్గం చేసి, 0.907తో గుణించాలి. 35కి అది 11 శాతమే. అంటే కాంతి నడిచే దారిలో ముప్పావుకి పైగా రాయి, కొద్దిగా ద్రవం. 5 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లంలో 30 డిగ్రీల దగ్గర అరగంట ఉంచితే వ్యాసం 60 దగ్గరికి, ఖాళీ 33 శాతానికి చేరుతుంది. ఇంకా ఉంచితే 80, అంటే 58 శాతం. ఆపైన గోడలు కూలుతాయి.

ఇక్కడ కొంచెం ఆగి లెక్క చేద్దాం, ఎందుకంటే గుల్ల సెన్సర్లన్నిటి సారం ఇదే. ఆనొడైజింగ్‌తో వచ్చే అల్యూమినా గుణకం 1.65 అనుకుందాం. గుణకాల వర్గాలని ఖాళీ శాతాన్ని బట్టి సగటు చేయడం అన్నిటికన్నా సులువైన నమూనా. 33 శాతం ఖాళీలో నీళ్లు ఉంటే సగటు గుణకం 1.5526. 4 మైక్రాన్ల పొరకు కాంతి పథం 12,421 నానోమీటర్లు. నీళ్లు తీసి 10 శాతం చక్కెర ద్రావణం పోస్తే 12,454. తేడా 34 నానోమీటర్లు. అదే 58 శాతం ఖాళీ అయితే తేడా 62. అంటే రంధ్రం వెడల్పు 60 నుంచి 80కి పెంచితే స్పందన దాదాపు రెట్టింపు.

అలాగని ఎంత వెడల్పైతే అంత మంచిదని కాదు. సగటు గుణకం నీళ్ల గుణకానికి దగ్గరయ్యేకొద్దీ పైఅంచు నుంచి తిరిగొచ్చే కాంతి పడిపోతుంది. 33 శాతం దగ్గర నీళ్లలో ఆ ప్రతిఫలనం 0.58 శాతం, 58 దగ్గర 0.25. అడుగున ఉన్న అల్యూమినియమేమో అద్దంలా దాదాపు అంతా వెనక్కి కొడుతుంది. ఒకడు అరుస్తుంటే ఇంకొకడు గొణిగినట్టు, ఇద్దరి గొంతులూ కలిసి పట్టీలు ఏర్పడాలంటే కష్టం. పట్టీలు మసకబారితే స్పందన ఎంత పెరిగినా కొలతలో గోల దాన్ని మింగేస్తుంది.

దీనికి మందు సన్నని బంగారం. పై ముఖం మీద 8 నుంచి 10 నానోమీటర్లు పూస్తే పైఅంచు ప్రతిఫలనం పెరుగుతుంది, రంధ్రాల నోళ్లు తెరిచే ఉంటాయి. అడిలైడ్‌లో లోసిక్, కుమేరియా, సాంతోస్ బృందం ఈ రకం చిప్పులతో చాలా పని చేశారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉన్న చోట సాధారణంగా నమూనాలకు బంగారం పూసే యంత్రం ఉంటుంది, బతిమాలితే పది నిమిషాల పని. బంగారం దొరకని వాళ్లు 60 నానోమీటర్ల దగ్గరే ఆగండి. నా అభిప్రాయంలో మొదటి చిప్పుకి అందరూ అక్కడే ఆగాలి.

వెడల్పు చేసేటప్పుడు పది నిమిషాలకోసారి తీసి, కడిగి, ఆరబెట్టి, గాలిలో కాంతి పథం కొలవండి. గోడ కరిగేకొద్దీ అది తగ్గుతూ పోతుంది. ఒకసారి గాలిలో, ఒకసారి ఇథనాల్‌లో కొలిస్తే రెండు సమీకరణాలు, రెండు తెలియని రాశులు: మందం, ఖాళీ శాతం. ఇథనాల్ గుణకం 1.361. రెండూ తేలిపోతాయి, మైక్రోస్కోపు కోసం ఎవరినీ అడగనక్కర్లేదు.

పని అయ్యాక మిగిలిన ఆక్సాలిక్ ఆమ్లాన్ని సింకులో పారబోయకండి. తమలపాకు కొట్టులో దొరికే సున్నం కలిపితే కాల్షియం ఆక్సలేట్‌గా తెల్లగా అడుగున పేరుకుంటుంది.

కాంతి పట్టడం

హాలోజన్ దీపం, రెండు చీలికల ఫైబర్, చిన్న స్పెక్ట్రోమీటరు ఉంటే సుఖం. ఫైబర్ నిటారుగా చిప్పు మీద నిలబడాలి. లేనివాళ్లు వెబ్‌కామ్, డీవీడీ ముక్కతో కట్టుకున్న స్పెక్ట్రోమీటరుతోనూ పట్టీలు చూడొచ్చు. పాత సీఎఫ్‌ఎల్ బల్బు పాదరసం గీతలు 435.8, 546.1 నానోమీటర్ల దగ్గర వస్తాయి, వాటితో తరంగదైర్ఘ్యం సరిచూసుకోండి. మన పొరకు 600 నానోమీటర్ల దగ్గర పట్టీకీ పట్టీకీ మధ్య 29 నానోమీటర్ల ఎడం ఉంటుంది. ఒకటి రెండు నానోమీటర్లు విడదీయగల పరికరమైతే సరిపోతుంది. పొర మరీ మందమైతే పట్టీలు కిక్కిరిసి ఈ సౌకర్యం పోతుంది.

చిప్పు మీద సిలికోన్ రబ్బరు చట్రం, దాని మీద గాజు పలక, రెండు సన్నని గొట్టాలు. ఇంతే ద్రవపు గది. నేరుగా నీళ్లు పోయకండి. రంధ్రాలు అడుగున మూసి ఉన్నవి, గాలి ఇరుక్కుంటుంది. మొదట ఇథనాల్ పంపి ఐదు నిమిషాలు ఆగి, తర్వాత నీళ్లు పంపాలి.

లెక్క కట్టడం

స్పెక్ట్రమ్‌ని తరంగదైర్ఘ్యం మీద కాకుండా దాని విలోమం మీద, అంటే తరంగసంఖ్య మీద గీస్తే పట్టీలు సమాన దూరాల్లో వస్తాయి. సమాన అంతరాలతో పాయింట్లు నింపి, హాన్ విండో వేసి (డేటా రెండు అంచులనీ మెల్లగా సున్నాకి దించి), ఫూరియర్ రూపాంతరం చేయండి. అది పట్టీల ఎడాన్ని ఒక శిఖరంగా చూపిస్తుంది. పైథాన్‌లో పాతిక లైన్ల పని. వచ్చే శిఖరం ఉన్న చోటే కాంతి పథం.

పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 450 నుంచి 900 నానోమీటర్ల వరకు డేటా తీసుకుంటే ఆ శిఖరం వెడల్పే 900 నానోమీటర్లకు పైన ఉంటుంది. మనం వెతికే కదలిక 34. కొండ మొత్తం చూసి కొండ కొన ఎటు జరిగిందో చెప్పాలన్నమాట. అందుకే డేటా చివర సున్నాలు బాగా నింపి, కొన చుట్టూ గాసియన్ వక్రం సరిపెట్టి మధ్య బిందువు తీయాలి. ఇది చేయకుండా ఎక్కువ విలువ ఉన్న పాయింటు ఏదో అదే తీసుకుంటే, ద్రావణం మారినా సంఖ్య కదలకుండా కూర్చుంటుంది. రెండు వారాలు మేం చిప్పునే తిట్టుకున్నాం. తప్పు ప్రోగ్రాములో ఉంది.

క్రమాంకనం

కొలత మొదలుపెట్టే ముందు చిప్పుని నీళ్లలో ఉంచి సంఖ్య నిలకడగా వచ్చేదాకా ఆగండి. అల్యూమినా గోడలు నీటితో మెల్లగా చర్య జరుపుతాయి, మొదటి గంటల్లో కాంతి పథం జారుతూ ఉంటుంది. మేం రాత్రంతా వదిలి ఉదయం మొదలుపెడతాం.

20 డిగ్రీల దగ్గర నీళ్ల గుణకం 1.3330. బరువు లెక్కన 5 శాతం చక్కెరకు 1.3403, 10కి 1.3478, 15కి 1.3557, 20కి 1.3638. తక్కువ నుంచి ఎక్కువకు పంపుతూ, మధ్యమధ్య నీళ్లకు తిరిగొస్తూ కొలవండి. నీళ్ల విలువ మొదటి చోటికే రావాలి. గుణకానికి ఎదురుగా కాంతి పథం గీస్తే సరళరేఖ వస్తుంది. 33 శాతం ఖాళీ ఉన్న చిప్పుకి దాని వాలు ఒక గుణకం యూనిట్‌కి 2,270 నానోమీటర్ల దగ్గర ఉండాలి. మరీ తక్కువగా వస్తే రంధ్రాల్లో గాలి ఉందో, నోళ్లు మూసుకున్నాయో చూడండి. నీళ్లనే ఇరవైసార్లు కొలిచి, ఆ విలువల ప్రామాణిక విచలనాన్ని మూడుతో గుణించి, వాలుతో భాగిస్తే మీ సెన్సర్ గుర్తించగల అతి చిన్న మార్పు తెలుస్తుంది. విచలనం అర నానోమీటరు అయితే అది గుణకంలో 0.0007, అంటే దాదాపు అర బ్రిక్స్.

ఉష్ణోగ్రతని తేలిగ్గా తీసుకోకండి. నీళ్ల గుణకం డిగ్రీకి సుమారు 0.0001 తగ్గుతుంది. ఫ్యాను వేస్తే, కరెంటు పోయి ఏసీ ఆగితే, గీత కదులుతుంది. ద్రావణాలన్నీ గంట ముందే అదే బల్ల మీద పెట్టుకోండి, ద్రవపు గదికి థర్మామీటరు కట్టి ప్రతి కొలత పక్కన రాయండి.

ఇప్పుడు చెరుకురసం. ఇక్కడ రంధ్రాలు ఊహించని మేలు చేస్తాయి. పిప్పి తునకలు, మట్టి 60 నానోమీటర్ల రంధ్రంలో దూరలేవు, కరిగిన చక్కెరే లోపలికి పోతుంది. చిప్పు తనే వడపోత. అయినా పై నోళ్లు పూడకుండా 0.45 మైక్రాన్ సిరంజి ఫిల్టర్‌తో ఒకసారి వడకట్టండి. అల్యూమినా ఆమ్లానికీ, క్షారానికీ రెండిటికీ కరుగుతుంది. పీహెచ్ 4 కన్నా దిగకూడదు, 9 దాటకూడదు. మామూలు రసం 5 పైన ఉంటుంది, భయం లేదు. బండి దగ్గర నిమ్మకాయ పిండించి తెచ్చిన రసం మాత్రం పోయకండి.

మొగలి వాసన

గుణకం ఒక్కటే చూస్తే లోపల ఉన్నది చక్కెరో, గ్లిజరినో, ఉప్పో చెప్పలేం. అది ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన లోటు. రంధ్రాల గోడలు అక్కడ ఆదుకుంటాయి. 60 నానోమీటర్ల రంధ్రాలు, 4 మైక్రాన్ల లోతు ఉన్న చిప్పులో ఒక చదరపు సెంటీమీటరు కింద సుమారు 87 చదరపు సెంటీమీటర్ల గోడ దాక్కుని ఉంటుంది. ఆ గోడకి ఏది అంటుకోవాలో మనం నిర్ణయించగలిగితే సెన్సర్ దాన్నే చూస్తుంది. ప్రతిరక్షకం లాంటి పెద్ద ప్రొటీన్ కావాలంటే రంధ్రం 50 దాటి ఉండాలి, లేకపోతే గుమ్మంలోనే ఇరుక్కుంటుంది. ఆవిరులకు ఇది తిరగబడుతుంది. సన్నని రంధ్రంలో ఆవిరి సంతృప్తం కాకముందే ద్రవంగా మారుతుంది, కాబట్టి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో పెంచి, వెడల్పు చేయకుండా వదిలిన 20, 25 నానోమీటర్ల రంధ్రాలు మేలు.

గంజాం తీరంలో ఈ రెండో దారికి చేతికందే పరీక్ష ఉంది. ఛత్రపూర్, గోపాల్‌పూర్ చుట్టుపక్కల మొగలిపూల నుంచి తీసే కేవ్డా రూహ్‌కి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ నూనెలో ఎక్కువ భాగం ఫినైల్‌ఇథైల్ మిథైల్ ఈథర్. సీసా మూత కింద, నూనె పైన ఉన్న గాలిని సిరంజితో తీసి పొడి చిప్పు మీదకి వదిలితే కాంతి పథం పెరుగుతుంది, పొడి గాలి పంపితే వెనక్కి వస్తుంది. అసలు రూహ్‌కీ, ద్రావకం కలిపినదానికీ పెరిగే వేగం, తగ్గే వేగం వేరుగా ఉంటాయి. రెండు వక్రాలూ ఒకే కాగితం మీద గీసి పోల్చండి.

అడ్డొచ్చేది మన సముద్రపు గాలే. వానాకాలంలో తేమ ముందుగా రంధ్రాల్లో చేరి కూర్చుంటుంది. గోడలకు నీటిని విరిచే సైలేన్ పూత వేస్తే చాలావరకు తగ్గుతుంది. పూత లేని చిప్పుని ఇథనాల్‌తో కడిగి, గది వేడిమిలోనే ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లంతో పాటు గట్టి మూత డబ్బాలో పెట్టి, డబ్బా మీద తేదీ, ఖాళీ శాతం, చివరిసారి నీళ్లలో వచ్చిన కాంతి పథం రాసి ఉంచండి.